నేలమీది కీబోర్డు

వీడియో గేమ్ కంట్రోలర్ గోడకు తగిలి రెండు చెక్కలైంది. లోపలి రబ్బరు ముక్క ఎగిరి బియ్యం డబ్బా కిందికి పోయింది. రంజిత్ మంచం మీద కూర్చుని తన కుడిచేతిని ఎవరిదో వస్తువును చూసినట్టు చూసుకున్నాడు. బొటనవేలు ఉంది, చిటికెనవేలు ఉంది. ఆ రెంటి మధ్య కుట్ల గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"పలగ్గొట్టినవా? మంచిగైంది," అని వంటింట్లోంచి తల్లి బాలనర్సమ్మ అంది. "ఆ కంప్యూటర్ గూడ పలగ్గొట్టు. ఇంటికి పట్టిన పీడ వోతది."

చెల్లెలు దీప చీపురు పక్కన పెట్టి, నేల మీద కూర్చుని ముక్కలు ఏరింది. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు అయిపోయి ఇంట్లోనే ఉంటోంది. ఆస్పత్రి నుంచి వచ్చాక అన్న మంచం దిగి కంప్యూటర్ ముందున్న కుర్చీ దాకా రావడం అదే మొదటిసారి. రెండు అరచేతుల మధ్య కంట్రోలర్‌ను ఎన్ని రకాలుగా పట్టుకున్నా అది కుడిపక్కకు జారిపోవడం ఆమె గడపలోంచి చూసింది. అతను మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటే ఇంకెప్పుడు లేస్తాడో ఆమెకు తెలియలేదు.

"ఎందుకేరుతున్నవే?" అన్నాడు రంజిత్. "అతికిస్తవా? అయితే నా ఏళ్లు గూడ అతికియ్యి."

దీప బియ్యం డబ్బా జరిపి రబ్బరు ముక్క తీసుకుంది.

మధ్యాహ్నం తండ్రి బాలనర్సింహ ట్రాలీ ఆటో బయట ఆపి అన్నానికి వచ్చాడు. చేయి కడుక్కోకముందే విషయం చెప్పాడు. ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ జగన్మోహన్ ఫోన్ చేశాడట. సోమవారం ఉప్పల్ లేబర్ ఆఫీసులో విచారణ. తప్పు తనదేనని, రాత్రి నిద్ర లేక ప్రెస్సు పెడల్ మీద కాలు పెట్టి కునికానని రంజిత్ అధికారి ముందు చెప్పాలి. ఆస్పత్రిలో తాను అన్నమాట బాలనర్సమ్మ కూడా అక్కడ మళ్లీ చెప్పాలి. అలా చెబితే ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉద్యోగం ఇస్తారు. చెప్పకపోతే ఆ గేటు వైపు కూడా రావద్దన్నారు.

ఆస్పత్రిలో బాలనర్సమ్మ అన్నది ఒక్క మాటే. చేతికి కట్టుతో కొడుకును బయటికి తెచ్చినప్పుడు, వసారాలో నేల మీద కూలబడి, రాత్రంతా ఆ ఆటే ఆడిండు సారూ, పండుకోమంటే పండుకోలే అని జగన్మోహన్ ముందు ఏడ్చింది. కాలితో పెడల్ తొక్కితే దిగి ఫ్యాన్ల మూతలు గుద్దే పవర్ ప్రెస్సు కొడుకు వేళ్ల మీద ఎందుకు పడిందో ఎవరూ చెప్పకముందే ఆమె చెప్పేసింది. ఆ మాట ఇప్పుడు ఫ్యాక్టరీ కాగితాల్లో ఉంది.

"చెప్తవా మరి?" అని తండ్రి అన్నం కలుపుతూ అడిగాడు.

రంజిత్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. "నాకు యాదికి లేదు," అన్నాడు. "చెయ్యి లోపలికి వెట్టిన. తర్వాత నెత్తురు. నడుమ ఏమైందో యాదికి లేదు."

"యాదికి లేకుంటే వాళ్లు జెప్పిందే నిజం."

"మరి జెప్తా అన్న గదా," అని అరిచాడు రంజిత్. నిజానికి అంతకుముందు ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు.

*

మరునాడు పొద్దున్నే దీప కంప్యూటర్ ముందు కూర్చుంది. తల్లి నల్లా దగ్గర బిందెల వరుసలో ఉంది. వచ్చేలోపు కొంతైనా అర్థం చేసుకోవాలి.

అన్న ఆడే ఆట పాతది. దాన్ని టీవీకి తగిలించి ఆడించే పెట్టె ఇప్పుడు కొత్తది దొరకదు. కంప్యూటర్‌ను ఆ పెట్టెలా పనిచేయించే ఎమ్యులేటర్‌లో ఆడేవాడు. వానలో కొండదారి మీద కారు నడపడం అతనికి ఇష్టం. ఆ పాత కంట్రోలర్ మీటలు ఎంత గట్టిగా నొక్కితే అంత వేగం ఇచ్చేవి. మెల్లగా అదిమితే కారు మెల్లగా కదులుతుంది. వేలు తేలిక చేస్తే మలుపులో నెమ్మదిస్తుంది. పగిలిన ముక్కలోని రబ్బరును నొక్కి చూసినప్పుడు దీపకు అది తెలిసింది. కీబోర్డు మీటకు అలాంటిదేమీ లేదు. దానికి నొక్కడం ఒకటి, వదలడం ఒకటి తెలుసు. కీబోర్డుతో నడిపితే కారు ఉన్న బలమంతా పెట్టి దూకి, మొదటి మలుపులోనే లోయలో పడింది.

సెట్టింగుల పేజీ అంతా ఇంగ్లీషు. ఒక్కో మాటా ఫోన్‌లో వెతుకుతూ కిందికి వెళ్లింది. చివర ప్రెషర్ మాడిఫయర్ అని ఒకటి కనబడింది. దానికి ఏదైనా ఒక మీటను కేటాయించాలి. ఆ మీట నొక్కి ఉంచినంతసేపూ మిగతా మీటలు ఎంత గట్టిగా నొక్కినా మెత్తగా నొక్కినట్టే లెక్క. ఎంత మెత్తగానో చెప్పడానికి పక్కన ఒక గీత, దాని మీద జరిపే గుండీ ఉన్నాయి. దీప ఎడమచేతి చిటికెనవేలికి అందే షిఫ్టు మీటను దానికి ఇచ్చింది. కారు మలుపులో నెమ్మదించింది.

"లే ఆడికెల్లి," అన్నాడు రంజిత్ వెనక నుంచి.

ఆమె లేచి, తలవంచుకుని, ఏ మీట ఏమిటో చెప్పింది. అన్నతో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడి చాలా రోజులైంది. అతను వినకుండానే కూర్చున్నాడు. ఎడమచేతి వేళ్లతో కారు తిప్పడం, చిటికెనవేలితో షిఫ్టు, కుడి బొటనవేలితో వేగం. రెండు మలుపులు దాటాడు. మూడో మలుపులో షిఫ్టును పదేపదే నొక్కగానే ఆట ఆగి స్క్రీన్ మధ్యలో ఒక పెట్టె ప్రత్యక్షమైంది. స్టిక్కీ కీస్ కావాలా అని అడిగింది.

"ఏందిది?"

"అది... షిఫ్టు ఎక్కువసార్లు నొక్కితే వస్తది అన్నా. తీసేస్త."

తీసేసింది. ఈసారి పెట్టె రాలేదు. కానీ ఆ పాత కీబోర్డులో మూడు మీటలు కలిపి నొక్కితే ఒకటి పలకడం లేదు. మలుపు తిరగాల్సినప్పుడు తిరగలేదు. కారు మళ్లీ లోయలోకి పోయింది.

"నాతోని ఆటలాడుతున్నవా?" అంటూ రంజిత్ కీబోర్డును అవతలికి తోశాడు. "ఉన్న ఏళ్లకు నొక్కరాదు, లేని ఏళ్లకు మీటలు వెట్టినవ్. నన్ను జూసి జాలిపడుడు బంజెయ్. పో."

బిందెతో లోపలికి వచ్చిన బాలనర్సమ్మ అది విని దీప మీద పడింది. ఆ కంప్యూటరే కదా వాడి చేయి తిన్నది, మళ్లీ వాడిని దాని ముందు కూర్చోబెట్టడానికి బుద్ధి ఉందా అని అడిగింది. సిగ్గు, భయం ఉన్న పిల్లవని అందరూ అంటారుగానీ నీ అంత మొండిది ఈ వాడలో లేదంది. దీప బిందె దింపించి, నీళ్లు వడగట్టింది. ఆమె ఆలోచన ఆ మాటల మీద లేదు. అన్న ఆడుతున్నంతసేపూ అతని కుడికాలు నేల మీద కదిలింది. మడమ కదలలేదు. వేళ్ల దగ్గర మాత్రమే పాదం లేచి దిగింది, అక్కడేదో ఉన్నట్టు.

*

ఉప్పల్ చౌరస్తా దాటాక, ఫ్లైఓవర్ స్తంభాల దుమ్ములో, పాత కంప్యూటర్లు అమ్మే దుకాణం ఒకటి ఉంది. లోపల మగపిల్లలు నిలబడి ఉంటే దీప వాళ్లు వెళ్లేదాకా బయట ఎండలోనే నిలబడింది. తర్వాత లోపలికి వెళ్లి, పాడైపోయిన కీబోర్డు ఏదైనా ఉందా అని అడిగింది. దుకాణం ఆయన తల ఎత్తలేదు.

"పాడైంది ఏం జేస్కుంటవ్?"

"ఒక్క మీట పనిజేస్తే చాలు."

ఆయన ఆమె వైపు ఎగాదిగా చూసి, మూలనున్న కుప్పను చూపించాడు. సగం మీటలు పలకవని, తర్వాత వచ్చి గొడవ చేయొద్దని చెప్పాడు. దీప ఒక్కొక్కటే తీసి, కింది పొడుగు మీటను వేలితో అదిమి చూసుకుని, గట్టిగా ఉన్నదాన్ని ఎంచుకుంది.

ఇంటికి వచ్చి చెంచా కాడతో మీటలన్నీ పీకేసింది. స్పేస్ బార్ ఒక్కటి ఉంచింది. దాని మీద పాత హవాయి చెప్పు అడుగును ముక్క కోసి టేపుతో అతికించింది. కీబోర్డును కుర్చీ ముందు నేల మీద పెట్టి, జారకుండా వెనక ఇటుక ఆనించింది. కంప్యూటర్‌కు రెండు కీబోర్డులు తగిలించినా అది రెంటినీ ఒకటిగానే తీసుకుంది. మెత్తదనం ఇచ్చే మీటను ఆ స్పేస్ బార్‌కు మార్చింది.

రంజిత్ మంచం మీద నుంచే అదంతా చూశాడు. ఆమె బయటికి వెళ్లినట్టు వెళ్లి తలుపు పక్కన నిలబడ్డాక లేచి వచ్చి కూర్చున్నాడు. కాసేపు ఆడి, "ఉల్టా వెట్టినవ్," అన్నాడు కోపంగా.

దీప లోపలికి తొంగిచూసింది.

"తొక్కితే పని గావాలె. తొక్కితే పని ఆగుడేంది? ఏ పెడల్ అన్న అట్లుంటదా?"

ఆమె వచ్చి మార్చింది. ఇప్పుడు కాలి కింద వేగం. కుడి బొటనవేలి కింద మెత్తదనం. బొటనవేలు అదిమి ఉంచి కాలు తొక్కితే కారు నెమ్మదిగా పోతుంది. బొటనవేలు తీస్తే పూర్తి వేగం. మెత్తదనం గీత మీద సగానికి పెట్టిన గుండీ చాలలేదు. మలుపులో ఇంకా జారుతోంది. రంజిత్ తక్కువ చెయ్యమన్నాడు, మళ్లీ ఎక్కువ చెయ్యమన్నాడు, దానికి కొంచెం కింద అన్నాడు. ఆ మాటలన్నీ తిట్టినట్టే అన్నాడు. కానీ సాయంత్రానికి కారు ఆ వాన కొండను దాటింది. అతను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

*

శనివారం సాయంత్రం దీప అతనికి చాయ్ తెచ్చింది. కారు తిన్నని దారిలో పోతోంది. గ్లాసు అతని వైపు చాపింది. స్క్రీన్ మీద వేగం చూపే ముల్లు పడిపోయింది. ఆ తర్వాత కుడిచేయి మీట మీద నుంచి లేచి, రెండు వేళ్లతో గ్లాసు పట్టుకుంది.

దీప కిందికి చూసింది. అతని కాలు కీబోర్డు మీద లేదు. కుర్చీ కాలి వెనక్కి వెళ్లి ఆనుకుని ఉంది.

రెండో రోజు ఆమె మళ్లీ చూసింది. ఈసారి మంచినీళ్లు. ముందు ముల్లు పడింది, తర్వాత చేయి లేచింది. ఫోన్ మోగినప్పుడూ అంతే. ఈగను కొట్టినప్పుడూ అంతే. అతను స్నానానికి వెళ్లినప్పుడు ఆమె ఆ కుర్చీలో కూర్చుని, కాలితో తొక్కుతూ, చేయి తీసి పక్కనున్న గ్లాసు అందుకుంది. కాలు అక్కడే ఉండిపోయింది. బొటనవేలు లేవగానే కారు మొత్తం వేగంతో ఎగిరి రాతికి కొట్టుకుంది. ఎన్నిసార్లు చేసినా ఆమె చేయే ముందు కదిలింది. కాలు సంగతి ఆమెకు గుర్తే రాలేదు.

ఆమె గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుంది. అప్పటిదాకా ఆమె కూడా అమ్మ మాటే నమ్మింది.

ఎవరితోనూ ఏదీ ముందుగా చెప్పని పిల్ల, వంటింట్లోకి వెళ్లి చెప్పింది. అన్న కాలు తీయకుండా చేయి కదపడని, కదపలేడని, పెడల్ మీద కాలు ఉండగా ప్రెస్సులో చేయి పెట్టి ఉండడని. బాలనర్సమ్మ రొట్టె తిప్పుతూ విన్నది.

"ఆటల కాలు తీస్తే ఫ్యాక్టరీల తీసినట్టానే?"

"ఫ్యాక్టరీల నేర్చుకున్నదే ఆటల అస్తుంది అమ్మా."

"నోరు మూస్కో. రేపు పొద్దున ఆ సార్ అస్తుండు. ఉన్న ఆ గేటు నౌకరి గూడ పోగొడ్తవా?"

బయట ఆటో కడుగుతున్న తండ్రి నవ్వాడు. అధికారి ముందుకు ఆ కంప్యూటర్ మోసుకుపోదామా, కారు ఆట చూపెడదామా అన్నాడు. ఆ నవ్వు విని రంజిత్ తల తుడుచుకుంటూ వచ్చాడు. ఏమిటని అడిగాడు. తల్లే చెప్పింది, ఎగతాళిగా.

రంజిత్ దీప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కొడతాడేమో అనుకుంది.

"నాకు యాదికి లేనిది నీకెట్ల తెలుస్తదే?" అన్నాడు. "నిద్రవోయిన. కాలు ఆడనే ఉండే. పడ్డది. అంతే. నా తప్పు నాకుండని. దాన్ని గూడ గుంజుకోకు."

చీకటి పడుతుండగా దీప ఆరేసిన బట్టలు తీసుకుని లోపలికి వస్తూ తెర వెనక ఆగింది. రంజిత్ కుర్చీలో ఉన్నాడు. కారు తిన్నని దారి మీద పోతోంది. అతను కిందికి, తన పాదం వైపు చూస్తున్నాడు. ఎడమచేత్తో కుడి మోకాలిని గట్టిగా అదిమి పట్టుకున్నాడు. కుడిచేయి మెల్లగా లేపి ముందుకు చాపాడు. మోకాలు అతని చేతి కింద వణికి, పాదం వెనక్కి జారింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ చేయి చాపాడు. పాదం మళ్లీ వెనక్కి వచ్చింది. ఇంకోసారి, మోకాలి మీద తన బరువంతా వేశాడు. పాదం రాలేదు. కుడిచేయి గాలిలో సగం దూరం వెళ్లి అక్కడే నిలిచిపోయింది. ముందుకు పోలేదు.

అతను కంప్యూటర్ ఆపకుండానే లేచి వెళ్లి పడుకున్నాడు. గోడవైపు తిరగలేదు. ఇంటి పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు.

తెల్లవారాక తండ్రి అడిగితే, వస్తానని, వాళ్లు చెప్పినట్టే చెబుతానని అన్నాడు. "గేటు కాడ కూసునేటందుకు ఒక కుర్సీ అన్న ఉంటది గదా."

*

జగన్మోహన్ అనుకున్న సమయం కంటే ముందే వచ్చాడు. కారు గల్లీ మొదట్లో ఆపించి, ఇస్త్రీ చొక్కాతో నడుచుకుంటూ వచ్చాడు. రంజిత్ స్నానం చేస్తున్నాడు. అంగీ గుండీలు పెట్టడానికి తండ్రి ఆగి ఉన్నాడు. ఇంట్లో ఉన్న ఒకే కుర్చీ కంప్యూటర్ ముందుది. ఆయన అందులో కూర్చున్నాడు.

"ఏం చెల్లె, యాదికుంది గదా చెప్పేది?" అని బాలనర్సమ్మను అడిగాడు. "ఆస్పత్రిల ఏడ్సినట్టు ఏడ్వనక్కర లేదు. ఒక్క మాట చెప్తే చాలు."

"యాదికుంది సార్," అంటూ ఆమె చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

ఆయన కాలు చాపగానే నేల మీదిదేదో తగిలింది. స్క్రీన్ మీద కారు ముందుకు దూకింది. ఆయన ఉలిక్కిపడి కిందికి చూశాడు. మీటల్లేని కీబోర్డు, దాని మీద చెప్పు ముక్క, వెనక ఇటుక. తలుపు దగ్గర నిలబడ్డ దీపను చూశాడు.

"ఇదేనా వాడి ఆట? ఇంక బుద్ధి రాలే?" అని నవ్వాడు. మళ్లీ తొక్కాడు. కారు కదిలింది. ఎట్ల మలుపుతారని అడిగాడు. దీప వినీవినపడనట్టు చెప్పింది. ఆయన ఎడమచేయి మీటల మీద పెట్టాడు, బొటనవేలితో మెత్తదనం మీట అదిమాడు. కారు రోడ్డు మీద అటూ ఇటూ ఊగుతూ పోయింది. ఆయనకు ముచ్చటేసింది. కుర్చీని దగ్గరికి లాక్కున్నాడు.

బాలనర్సమ్మ చాయ్ గ్లాసు చాపింది. "సార్."

ముల్లు పడిపోయింది. ఆయన బూటుకాలు కీబోర్డు మీద నుంచి వెనక్కి జారి కుర్చీ కాలికి ఆనింది. అప్పుడు చేయి లేచి గ్లాసు కోసం వచ్చింది.

బాలనర్సమ్మ గ్లాసు వదల్లేదు. ఆయన రెండుసార్లు లాగితే అప్పుడు వదిలింది. ఆమె కళ్లు ఆయన బూటు మీద ఉన్నాయి. ఆయన చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, మళ్లీ ఆటలో పడ్డాడు. ఆమె లోపలికి వెళ్లింది. పల్లెంలో సర్వపిండి ముక్కలు పెట్టుకుని వచ్చింది. ఆ మనిషికి పెట్టడానికి చేసినవి కావు అవి. పల్లెం ఆయన కుడిచేతి దగ్గరికి చాపి, వంగి, కిందికి చూస్తూ నిలబడింది.

బూటుకాలు వెనక్కి జారింది. చేయి పల్లెంలోకి వచ్చింది.

"సార్, మీరు గూడ ప్రెస్సు మీద చేసిన్రా?" అని ఆమె అడిగింది.

"నేనా?" ఆయన ముక్క నములుతూ రెండు అరచేతులూ తిప్పి చూపించాడు. "సూపర్‌వైజర్ కాకముందు ఎన్నేండ్లు చేసిననో ఎరికేనా? ఒక్క గోరు గూడ పోలే. బిక్షపతన్న దగ్గర నేర్చుకున్నోళ్లం. కాలు వెనక్కి రాంది చెయ్యి లోపలికి వోవద్దని కట్టెతోని కొట్టి నేర్పిండు. అది నిద్రల గూడ తప్పది మాకు."

లోపలి గది తలుపులో రంజిత్ నిలబడి ఉన్నాడు. అంగీకి సగం గుండీలే పెట్టి ఉన్నాయి. అతని వెనక తండ్రి మిగిలిన గుండీలు మరిచిపోయి నిలబడ్డాడు.

"నాకు గూడ బిక్షపతన్ననే నేర్పిండు సార్," అన్నాడు రంజిత్.

జగన్మోహన్ నమలడం ఆపాడు. కింద తన కాలును చూసుకున్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ముందుకు జరిపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. తర్వాత లేచి, చేతులు దులుపుకున్నాడు. ఆయన గొంతులో అంతకుముందున్న చనువు లేదు.

"ఆటలతోని కేసులు తేలయ్. టైమైతుంది. నడువుండ్రి."

"నేను రాను," అంది బాలనర్సమ్మ.

"ఏంది?"

"నేను పండుకున్న ఆ రాత్రి. వాడెప్పుడు పండుకున్నడో నాకు తెల్వది. ఆస్పత్రిల ఏం అన్ననో యాదికి లేదు."

జగన్మోహన్ ఆమెను, తర్వాత దీపను చూశాడు. ఇదంతా ఈ పిల్ల పన్నాగమా అన్నాడు. గేటు ఉద్యోగానికి ఇంకా పదిమంది ఉన్నారని, వేళ్లన్నీ ఉన్నవాళ్లని చెప్పాడు. బాలనర్సింహ ఆయన వెనకే గల్లీ చివరిదాకా వెళ్లి, బతిమాలి, ఒక్కడే తిరిగి వచ్చాడు. వచ్చి భార్యను తిట్టాడు, కూతురును తిట్టాడు. ఇంట్లో ఆడవాళ్లు పెత్తనం చేస్తే ఇట్లనే ఉంటదన్నాడు. తిడుతూనే కొడుకు అంగీకి మిగిలిన గుండీలు పెట్టాడు. జగన్మోహన్ వెంట రానన్న బాలనర్సమ్మ, దీపను తీసుకుని, కొడుకు వెంట ఆటో ఎక్కింది.

*

ఉప్పల్ ఆఫీసులో వాళ్లు వెళ్లేసరికి జగన్మోహన్ అప్పటికే అధికారిణి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఆమె కళ్లజోడు సవరించుకుంటూ కాగితాలు చదువుతోంది. రంజిత్ టేబుల్ ముందు నిలబడ్డాడు. దీప, తల్లి గోడ దగ్గర నిలబడ్డారు. ఆటో పెట్టడానికి చోటు దొరకలేదని తండ్రి రోడ్డు మీదే ఉండిపోయాడు.

"ఆ ముందు రాత్రి మీరు నిద్రపోలేదని, చాలాసేపు కంప్యూటర్ గేమ్ ఆడారని మీ అమ్మగారే చెప్పినట్టు కంపెనీ వాళ్లు రాశారు," అంది అధికారిణి. "ఆమె వచ్చారా?"

బాలనర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒక అడుగు ముందుకు వేసింది. "నాకు తెల్వదమ్మా. నేనట్ల అనలే. నేను పండుకున్న..."

"నువ్వు ఊకో," అన్నాడు రంజిత్, వెనక్కి తిరగకుండానే.

ఆమె ఆగిపోయింది.

"మా అమ్మ జెప్పింది నిజమే మేడం. ఆ రాత్రి మస్తు సేపు ఆడిన. నిద్ర సక్కగ లేదు."

జగన్మోహన్ కుర్చీలో వెనక్కి వాలాడు. దీప కళ్లు మూసుకుంది.

"గాని ప్రెస్సు పడ్డప్పుడు నా కాలు పెడల్ మీద లేదు. వెనక్కి ఉండె. తొక్కకుంటనే పడ్డది. అంతకుముందు గూడ ఒక్కసారి తొక్కితే రెండుసార్లు పడ్డది ఆ మెషీను. ఈ సారుకు చెప్పినం."

"కాలు ఎక్కడుందో గుర్తుందా మీకు?"

"గుర్తు లేదు మేడం." అతను కుడిచేతిని టేబుల్ మీద పెట్టాడు, దాచుకోకుండా. "నేను ఎంత కొట్టుకున్నా నా కాలు వెనక్కి రాంది చెయ్యి ముందటికి వోతలేదు. నిన్న ఇంట్ల కూసోని మోకాలు పట్టుకోని చూసిన. వోతలేదు. నాకొక్కనికే గాదు. ప్రెస్సు మీద చేసినోళ్లు ఎవలకైనా పోదు. కావాలంటే సారునే అడగండి."

అధికారిణి చదువుతున్న కాగితం కింద పెట్టి జగన్మోహన్ వైపు తిరిగింది.

"మీరు ప్రెస్సు మీద పనిచేశారా?"

"అది ఎప్పటి సంగతో మేడం."

"కాలు పెడల్ మీద ఉండగా మీరెప్పుడైనా చేయి లోపల పెట్టారా?"

ఆయన ఏదో చెప్పబోయి దగ్గాడు. జేబులోంచి రుమాలు తీశాడు. గోడ దగ్గర నిలబడ్డ బాలనర్సమ్మ ఆయన ముఖం చూడలేదు. తలవంచి, టేబుల్ కిందికి, ఆయన బూట్ల వైపు చూస్తూ నిలబడింది. అధికారిణి కలం మూత తీసి పట్టుకుని ఎదురుచూసింది. పైన ఫ్యాన్ తిరుగుతోంది. ఆయన ఇంకా రుమాలుతో మెడ తుడుచుకుంటూనే ఉన్నాడు.

రంజిత్ పక్కనున్న ఖాళీ కుర్చీని కాలితో వెనక్కి, తల్లి వైపు తోశాడు.

"కూసో," అన్నాడు. "ఇంక మస్తు సేపయ్యేటట్టుంది."